ఉప్పునక్కని గీసిందెవరు

పళ్ళ ల్యాబు, మేడమీద గది
జనవరి 9

ప్రియమైన నత్తకి,

పాప దగ్గు తగ్గిందా? మీ ఆయన మెట్ల మీద జారిపడ్డాడన్నావు, మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. పగలంతా నీ ఫోన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర చెక్కపెట్టెలో ఉంటుంది. సాయంత్రం నువ్వు స్పీకర్ పెట్టి గిన్నెలు తోముకుంటూ మాట్లాడతావు, మీ ఇంటిల్లిపాదీ వింటారు. ఇప్పుడు రాస్తున్న సంగతి ఇంటిల్లిపాదీ వినేది కాదు.

ఏడో తరగతిలో మనం వంతులు వేసుకుని ఆడిన వీడియో గేమ్ గుర్తుందిగా? అడవులూ గుహలూ తిరిగి వింత జీవాల్ని పట్టుకోవడం, పెంచడం, ఎదుటివాళ్ళ జీవాలతో పోటీకి దింపడం. ముప్పై నాలుగేళ్ళొచ్చినా నేనింకా ఆడుతూనే ఉన్నాను, నవ్వుకో. ఆ గేమ్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు తమ ఊహలోంచి కొత్త జీవాల్ని గీసి చూపించుకునే గ్రూపు ఒకటి నెట్‌లో ఉంది. భోజనాల వేళ అందులోకి తొంగిచూడటం నాకలవాటు.

పోయిన వారం, నోట్లో ముద్ద పెట్టుకుంటూ చూశాను. మన ఉప్పునక్క!

పోలిక అనుకునేవు. పోలిక కాదు. ఉప్పుగడ్డలాంటి తోక, వానలో తడిస్తే కరిగిపోతూ చుక్కలు చుక్కలుగా రాలడం, ఎడమ చెవికి మూడు గాట్లు. పిల్ల రూపం, నడిమి రూపం, పెద్ద రూపం, మూడూ వరసగా ఉన్నాయి. అప్పట్లో మనం సొంత జీవాల్ని గీసుకున్న గళ్ళ పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే. కిందికి జరిపితే వీపు మీద కుంపటి మోసే తాబేలు. ఇంకా కిందికి పోతే మన తడిగూబ. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క జీవాలు! పెట్టిన మనిషి పేరు 'ఒంటిరెక్క' అని ఉంది. అది సొంత పేరు కాదనుకో.

పేర్లు మాత్రం మార్చేశారు. నువ్వు పెట్టిన 'ఉప్పునక్క' లేదు, ఇంకేదో ఉంది. దొంగసొత్తుకి కొత్త రంగు పూసినట్టు.

పదహారు రకాల తెలుపుని వేరుచేసి కట్టుడు పళ్ళకి రంగు కలిపే కళ్ళు నావి. నాకు పొరపాటు పడదు. ఆ గ్రూపువాళ్ళు కలిసి సరదాకి సొంతంగా ఒక గేమ్ తయారుచేస్తున్నారు. మార్చి ఆఖరుకి వంద జీవాల్ని ఎంచి, ఎవరు గీశారో వాళ్ళ పేరుతో అందులో పెడతారు. ఇప్పటికి అందరికంటే ఎక్కువ ఓట్లు ఈ ఒంటిరెక్కకే.

ఆ పుస్తకంలోని బొమ్మలు నీకూ నాకూ తప్ప ఇప్పుడెవరికి గుర్తుంటాయి? నీకేమైనా తోస్తే రాయి. తోచకపోయినా రాయి.

నీ
పిచ్చుక


కటింగ్ హాలు, బల్ల నంబరు 4
జనవరి 14

పిచ్చుకా,

ఉత్తరం అందింది. పాప దగ్గు తగ్గింది. మా ఆయన మోకాలికి కట్టు విప్పారు గానీ కుంటడం మానలేదు. కుంటుతుంటే పని చెప్పరని కనిపెట్టాడు.

ఇక్కడ ఊపిరాడని పని. బడి యూనిఫారాల కాలం కదా. అరవై పొరలు గుడ్డ పరిచి పైన కాగితం నమూనా పెట్టి ఒక్కసారే కోస్తాం. పై పొరలో గీత అరంగుళం తప్పితే అరవై చొక్కాలూ తప్పుతాయి. అందుకే బుర్ర ఇంకోవైపు పోనివ్వను.

నువ్వు రాసినదాంట్లో అంత కంగారుపడాల్సింది నాకేమీ కనపడలేదు. పదమూడేళ్ళ పిల్లల బుర్రలన్నీ ఒకలాగే ఉంటాయి. నక్కకి ఉప్పుతోక పెట్టాలని లోకంలో ఇంకొకరికి తోచకూడదా? ఆ పుస్తకం పోయి ఇరవై ఒక్కేళ్ళు. ఈపాటికి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి ఏం చేస్తావు?

ఎవరో సరదాగా గీసుకుంటున్నారు, గీసుకోనీ. గ్రూపులో గొడవ మాత్రం పెట్టుకోకు. నీకు తొందరెక్కువ.

ఆ మనిషి ఏ ఊరో, ఏం చేస్తుంటారో అక్కడేమైనా రాసి ఉందా? ఊరికే అడుగుతున్నాను.

నీ
నత్త


పళ్ళ ల్యాబు, మేడమీద గది
జనవరి 22

కటింగ్ మేడమ్ గారికి,

నీకు నత్త అని పేరు ఊరికే పెట్టలేదు. నా ఉత్తరానికి జవాబివ్వడానికి నీకు మామూలుగా నెలన్నర పడుతుంది. మా నాన్న పోయినప్పుడు కూడా మూడు వారాలు పట్టింది. ఈసారి మాత్రం అయిదో రోజుకే జవాబు రాశావు. ఎందుకో?

పొద్దున్నుంచీ మైనంతో దవడపన్ను చెక్కుతూ ఇదే ఆలోచించాను. కత్తి జారి రెండు పళ్ళు పాడయ్యాయి, సారు చేత మాట పడ్డాను. నీ ఉత్తరం తీసి మళ్ళీ మళ్ళీ చదివాను.

చిన్నప్పటి మన బొమ్మలు ఇరవై ఒక్కేళ్ళ తరవాత కనపడ్డాయంటే ఎవరైనా ఏమంటారు? "ఏదీ, నాకూ చూపించు" అంటారు. నువ్వు అనలేదు. చూసినవాళ్ళకే మళ్ళీ చూడాలనిపించదు. పుస్తకం మట్టిలో కలిసిపోయిందన్నావు. పోయిన వస్తువు ఎక్కడ పోయిందో నీకెలా తెలుసు? పోతే పోయిందంటాం గానీ మట్టిలో కలిసిందంటామా? ఆపైన, ఊరికే అడుగుతున్నానంటూ ఆ మనిషి ఊరు అడిగావు. నువ్వు ఊరికే ఏదీ అడగవని నీతో అయిదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నదానికి తెలియదా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం.

అప్పుడు పుస్తకం తీసింది కొత్తపిల్ల అని బడంతా తెలుసు. సంవత్సరం మధ్యలో చేరింది, మన బడి ఆయా కూతురు. దాని సంచీలో రెండు కాగితాలు దొరికాయి కూడా. కానీ ఎనిమిదో తరగతి గడప తొక్కకుండానే బడి మానేసిన పిల్లకి ఈ నెట్లూ గ్రూపులూ ఎక్కడివి? అంత పొందిగ్గా, అంత అందంగా పెట్టాలంటే చదువుకున్న మనిషే అయుండాలి. కాగితం మీద గీత గీసి బతికే మనిషి అయుండాలి.

అలాంటివాళ్ళు నాకు ఒక్కరే తెలుసు.

నువ్వేనా? నువ్వే అయితే అయ్యావనుకో, ఒక్క మాట చెప్పుంటే ఇద్దరి పేర్లూ పెట్టేవాళ్ళం కదే! నా వెనక ఎందుకు?

పిచ్చుక


కటింగ్ హాలు
ఫిబ్రవరి 2

పిచ్చుకకి,

నన్ను దొంగ అన్నావు. అక్షరాలా ఆ మాట రాయకుండా నాలుగు పేరాల్లో దాని చుట్టూ తిరిగావు.

నేను కాదు. మా పాప మీద ఒట్టు. ఆ గ్రూపులో నేను లేను, ఆ బొమ్మలు నేను పెట్టలేదు. నా ఫోన్‌లో ఉన్నవల్లా పాప ఫొటోలూ చొక్కాల కొలతలూ. కావాలంటే వచ్చి చూసుకో.

త్వరగా జవాబిచ్చినా తప్పే, ఆలస్యంగా ఇచ్చినా తప్పే. మీ నాన్న పోయినప్పుడు నేను ఆసుపత్రిలో పురిటి మంచం మీద ఉన్నాను. అది నువ్వు మర్చిపోయావు. నీకు కావలసినవే గుర్తుంటాయి.

పేర్లు మార్చింది, దొంగసొత్తుకి రంగు పూసింది అంటున్నావు. ఎందుకు మార్చిందో ఒక్క నిమిషం ఆలోచించావా? అరవై నాలుగు జీవాలుండేవి ఆ పుస్తకంలో. ముప్పై ఒకటే ఎందుకు పెట్టారు? మిగతా ముప్పై మూడూ ఏమయ్యాయి? నీ సుద్దమేక ఉందా అక్కడ? తలుపులకి గడియ పెట్టే నీ గొళ్ళెంపీత ఉందా? చూసి చెప్పు.

చూసేవరకూ ఎవరితోనూ ఏమీ అనకు. ఎండాకాలం సెలవుల్లో పాపని తీసుకుని వస్తాను, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో. మన ఇన్నేళ్ళ స్నేహంలో నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నాను.

నత్త


పళ్ళ ల్యాబు
ఫిబ్రవరి 20

నత్తకి,

నీ ఉత్తరం చేరేసరికే చెయ్యాల్సింది చేసేశాను. నిజం చెప్పాలంటే చేరాక చేశాను. ఎండాకాలం వరకూ ఆగమన్నావు. మార్చి ఆఖరుకే వాళ్ళు ఎంపిక చేసేస్తారని నేను మొదటి ఉత్తరంలోనే రాశాను. అంటే ఆ గడువు దాటేదాకా నన్ను ఆపాలని చూశావు. ఒట్టు మాట వెనక ఇదీ ఉంది.

ఇంకొకటి. "ఎందుకు మార్చిందో" అని రాశావు. నేను ఎక్కడా ఆ మనిషి ఆడో మగో చెప్పలేదు. నాకే తెలియదు. నీకు మాత్రం ఆడమనిషని తెలుసు.

బడి వార్షికోత్సవం నాటి ఫొటో ఒకటి నా దగ్గరుంది. నా వెనక గోడకి అంటించిన కాగితం మీద ఉప్పునక్క బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది, మూడు గాట్ల చెవితో సహా. ఆ ఫొటోని గ్రూపు నడిపేవాళ్ళకి పంపించాను. "ఇవి ఇరవై ఒక్కేళ్ళ కిందట నేనూ నా స్నేహితురాలూ చేసినవి, ఈ ఒంటిరెక్క దొంగిలించి తనవని చెప్పుకుంటున్నారు" అని రాశాను. ఒక్క రోజులో తేలిపోయింది. ముప్పై ఒక్క జీవాల్నీ తీసేశారు. ఓట్లు రద్దు చేశారు. ఆ పేరుని గ్రూపులోంచి బయటికి నెట్టేశారు. నిన్నటిదాకా ఆహా ఓహో అన్నవాళ్ళే నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్లు చదువుతుంటే మొదట కడుపు నిండినట్టుంది. తరవాత చదవలేక ఫోన్ బోర్లించాను.

ఒంటిరెక్క తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు. నేను కాదు, నావే, అని ఏదో ఒకటి అంటారుగా ఎవరైనా? ఏమీ లేదు. మర్నాడు పొద్దున మాత్రం నాకు విడిగా ఒకే ఒక్క ముక్క వచ్చింది.

"నువ్వు పిచ్చుకవా?"

నత్తా, తలుపు గడియ పెట్టుకుని మళ్ళీ చదివాను. ల్యాబులో నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మా ఇంట్లోనూ లేరు. గ్రూపులో నా పేరు వేరు. ఇప్పుడీ లోకంలో నన్ను పిచ్చుక అనేది నువ్వొక్కదానివే. ఈ ఆట నువ్వే ఆడుతున్నావా? నన్ను భయపెట్టి ఏం సాధిస్తావు?

నీ సుద్దమేక ఉందా అని అడిగావు. లేదు. గొళ్ళెంపీతా లేదు. నావి ఒక్కటీ లేవు. అది కూడా నాకు నచ్చలేదు.

పిచ్చుక


ఇంటి నుంచి
మార్చి 1

పిచ్చుకా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. ముందు ఉత్తరం చదువు, తరవాత విప్పు. ముందే విప్పి ఉంటే కూర్చుని చదువు.

అది మన పుస్తకం. గళ్ళ కాగితాలది, నీలం అట్టది. ఇరవై ఒక్కేళ్ళుగా నా దగ్గరే ఉంది.

తీసింది నేను.

పిల్లల పత్రిక వాళ్ళు పెట్టిన పోటీ గుర్తుందా? సొంత జీవాల్ని గీసి పంపమన్నారు, ఒక్కో పుస్తకానికి రెండు పేర్లే ఉండాలన్నారు. మనం ముగ్గురం. అప్పటికే నువ్వూ కొత్తపిల్లా కిటికీ పక్క బెంచీకి మారిపోయారు. ఒకరోజు నీళ్ళ కుళాయి దగ్గర నేను వెనక ఉన్నది చూడకుండా నువ్వు దానితో అన్నావు: "బొమ్మలు మనవి కదే. నత్త పేర్లు పెట్టిందంతే. పేర్లు ఎవరైనా పెడతారు."

ఆ సాయంత్రమే నీ బల్లలోంచి తీసుకెళ్ళి మా నాన్న కుట్టుకొట్టులో అస్తరు గుడ్డల కింద దాచాను. గడువు పోయాక తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను. మర్నాడే నువ్వు టీచర్‌తో "చివరిగా కొత్తపిల్లే తీసుకెళ్ళింది" అన్నావు. సంచీ తిప్పి బల్ల మీద బోర్లించారు. రెండు కాగితాలు రాలాయి. వాళ్ళమ్మని పిలిపించారు. ఆమె చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది. అందరి ముందూ ఆ చీపురు తిప్పి పట్టుకుని కర్రతో కొట్టింది. "నేను తియ్యలేదమ్మా" అని అది అరుస్తూనే ఉంది. నేను మూడో బెంచీలో కూర్చుని చూశాను. లేచి నిలబడదామని బల్ల మీద చేతులు ఆన్చాను కూడా. లేవలేదు.

వారంలో తల్లీ కూతురూ ఊరొదిలి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఇంకెలా తిరిగి ఇవ్వను?

నువ్వు మొదటి ఉత్తరంలో పేర్లు మార్చారని రాయగానే నాకు తెలిసిపోయింది. పేర్లు నావి. అందుకే ఆమె వాడుకోలేదు. నీ జీవాలు నీవి. అందుకే పెట్టలేదు. తను గీసిన ముప్పై ఒక్కటీ తలలోంచి తీసి మళ్ళీ గీసుకుంది. తనది కానిది ఒక్క గీత కూడా ముట్టుకోలేదు. పిచ్చుకా, వాటికి నువ్వు రంగులు వేశావు. నేను పేర్లు పెట్టాను. ఉప్పునక్కని గీసిందెవరు?

నువ్వు 'మేము చేశాం, మేము చేశాం' అని ఇన్నేళ్ళు చెప్పగా చెప్పగా నీకే నిజమైపోయింది. నువ్వు పంపిన ఫొటో నా దగ్గర కూడా ఉంది. అందులో నీ ఎడమ పక్కన, బొమ్మ వైపు వేలు చూపిస్తూ ఒక పిల్ల నిలబడి ఉంటుంది. ఆ పక్క కత్తిరించి పంపావా, మొత్తం పంపావా?

నాకు జవాబు రాయకపోయినా సరే. ఆమెకి మాత్రం రాయి.

నత్త


పళ్ళ ల్యాబు
మార్చి 26

నీకు,

కత్తిరించే పంపాను. ఆ పక్కన ఎవరో ఉన్నారులే, బొమ్మ కనపడితే చాలుగా అనుకున్నాను. ఎవరా అని చూడలేదు.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఒట్టేసి మరీ నన్ను ఆపబోయావు గానీ, నిజం ఒక్క ముక్క చెప్పుంటే అక్కడే ఆగిపోయేదాన్ని. నీ పరువు కాపాడుకోవడానికి ఆమె సంచీని మళ్ళీ బల్ల మీద బోర్లించనిచ్చావు. నాలుగో రోజుకి తిట్లు అయిపోయాయి. నా వంతు మిగిలింది.

నేనూ ఒకటి దాచాను. ఆ సంచీలో దొరికిన రెండు కాగితాలూ నేనే ఇచ్చాను. పెద్ద రూపం సరిగ్గా కుదరలేదు, ఇంటి దగ్గర మళ్ళీ గీసుకురా అని పుస్తకంలోంచి నా చేత్తో చింపి ఇచ్చాను. బల్ల మీద అవి రాలినప్పుడు అది నా వైపు చూసింది. చెబుతానేమోనని. పుస్తకం చింపింది నేనేనని టీచర్‌కి తెలుస్తుందని నోరు మూసుకున్నాను. నువ్వు మూడో బెంచీలో కూర్చున్నావు. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను.

గ్రూపుకి రాశాను. ఇవి ఆమె గీసినవే, నేను చెప్పింది అబద్ధం అని, పుస్తకం పేజీలూ కత్తిరించని ఫొటోతో సహా పెట్టాను. ఈసారి తిట్లు నాకు పడ్డాయి. ఆమె జీవాల్ని తిరిగి పెట్టారు, ఓట్లు కూడా. తరవాత ఆమెకి విడిగా రాశాను: "అవును, నేను పిచ్చుకనే. వచ్చి కలవొచ్చా?" తొమ్మిది రోజులకి ఒక చిరునామా వచ్చింది.

నిన్న వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. కళ్ళద్దాల దుకాణం. వెనక గదిలో అద్దాల అంచులు సానపట్టే యంత్రం ముందు కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టలేదు, తనే గుర్తుపట్టింది. లేవలేదు. "కూర్చో, ఈ జత అయిపోనీ. బయట మనిషి చూపు లేకుండా కూర్చున్నాడు" అంది.

గోడ మీద కళ్ళ పరీక్ష చార్టు ఉంది. అక్షరాలు లేవు. పైవరసలో ఇంత పెద్ద ఉప్పునక్క, కింద తాబేళ్ళు, ఇంకా కింద గూబలు, ఆఖరి వరసలో చీమతలంత జీవాలు. అక్షరాలు రాని పిల్లల కోసం గీసిందట. నేనున్నప్పుడే ఒక చిన్నపిల్ల వచ్చింది. వాళ్ళ నాన్న ఒక కన్ను మూసి పట్టుకుంటే గడగడా చెప్పేసింది. అయిదో వరస దగ్గర ఆగిపోయింది. "ఫర్లేదమ్మా, అది నాకూ సరిగ్గా కనపడదు" అని కొత్తపిల్ల నవ్వింది.

"నేను..." అన్నాను.

"గ్రూపులో రాసింది చదివాన్లే."

"అది చాలదు."

"చాలదు" అంది, యంత్రం ఆపకుండానే. "మీరు దొంగన్నారని నాకంత బాధ లేదు పిచ్చుకా. పిల్లలు అంటారు. మా అమ్మ నమ్మింది. అదీ నా బాధ. ఇప్పటికీ నమ్ముతోంది. ఇల్లు ఈ వెనక వీధే. వస్తావా?"

వెళ్ళాను. వాళ్ళమ్మ నులకమంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. బాగా చిక్కిపోయింది. నేను నిలబడే చెప్పాను. కాగితాలు నేనే చింపి ఇచ్చానని, పుస్తకం మీ అమ్మాయి తియ్యలేదని, నాకు తెలిసీ నోరు మెదపలేదని. ఆమె మడత ఆపలేదు. ఒక దుప్పటి మడిచి పక్కన పెట్టింది. తరవాత అంది:

"ఇరవై ఒక్కేళ్ళ నుంచీ ఇది నాతో ఒకటే మాట. నేను తియ్యలేదమ్మా అని. నేనూ ఒకటే మాట. పోనీలే, చిన్నతనం, ఎప్పుడో క్షమించేశాగా అని. పెద్ద మనసు చేసుకున్నాననుకున్నా."

కొత్తపిల్ల గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది.

"మరి తీసిందెవరు?" అని అడిగింది ఆ తల్లి.

నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. నిన్ను కాపాడటానికి అనుకోకు. ఆ గదిలో నిలబడి ఇంకోసారి ఒకరి పేరు చెప్పి 'వీళ్ళే తీశారు' అనడానికి నాకు నోరు రాలేదు. "తీసినవాళ్ళే వచ్చి చెబుతారు" అన్నాను. మాటిచ్చేశాను. నిన్నడక్కుండానే ఇచ్చాను.

చిరునామా వెనక రాశాను. పుస్తకం తీసుకెళ్ళి ఇస్తే కొత్తపిల్ల తీసుకోలేదు. "ఎవరు తీశారో వాళ్ళ చేత్తోనే ఇవ్వమను" అంది. పార్సిల్ చేసి పంపుతున్నాను.

పిచ్చుక


బస్సు స్టాండు, బెంచీ మీద
ఏప్రిల్ 6, ఆదివారం

పిచ్చుకా,

యూనిఫారాల పనితో ఆదివారాలూ డ్యూటీయే. సెలవు కావాలంటే మా ఫ్యాక్టరీ మాస్టారు కారణం రాయమన్నాడు. "దొంగతనం ఒప్పుకోవడానికి" అన్నాను. పగలబడి నవ్వి సంతకం పెట్టాడు.

మా ఆయనకి మాత్రం నిజంగానే చెప్పాను. "ఇన్నేళ్ళ తరవాత ఎందుకు? ఆవిడ కొడితే?" అన్నాడు. కొడితే బాగుండునని ఉందన్నాను. తనే వచ్చి బస్సెక్కించాడు.

పదింటికి వెళ్ళాను. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కొత్తపిల్ల నన్ను చూడగానే "నత్తా" అంది. ఆశ్చర్యపోయినట్టు లేదు. సంచీలోంచి పుస్తకం తీస్తుంటే జారి కింద పడింది. అది వంగి తీసుకుని దుమ్ము దులిపింది గానీ తెరవలేదు.

వాళ్ళమ్మ ముందు నేల మీద కూర్చున్నాను. కుళాయి దగ్గర విన్న మాట, అస్తరు గుడ్డల కింద దాచడం, మూడో బెంచీ, అన్నీ చెప్పాను. నీ ప్రసక్తి ఎంతవరకో అంతవరకే చెప్పాను. క్షమించమని అడగలేదు. ఇప్పటికే ఒకసారి తప్పు మనిషిని క్షమించి ఉన్న తల్లి ఆమె. ఇంకోసారి ఎలా అడగను?

దారంతా ఆమె తిట్టబోయే తిట్లు ఊహించుకుంటూ వచ్చాను. కొన్నిటికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను, సిగ్గులేకుండా. అవేవీ అవసరపడలేదు. నేను చెప్పడం అయిపోయాక ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. కూతురి వైపు తిరిగి, "ఇట్రా" అంది.

అది పుస్తకం కిటికీలో పెట్టి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆమె దాని రెక్క పట్టుకుని వీపు తన వైపు తిప్పుకుంది. జుట్టు నెరవడం మొదలైన మనిషి, చిన్నపిల్లలా తిరిగి కూర్చుంది.

నేనక్కడ ఉన్న సంగతే ఇద్దరూ మర్చిపోయారు. కాసేపు చూసి లేచాను. ఎవరూ ఆపలేదు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే లోపల్నుంచి ఆ తల్లి గొంతు వినిపించింది.

"ఆ రోజు ఎక్కడ కొట్టానే నేను? ఇక్కడేనా?"

నత్త